పొట్టు తీయని పెద్దమనిషి

ఎదురుపడ్డ మనిషిని లోకమంతా "బాగున్నారా?" అని పలకరిస్తుంది. మూడో తరగతి టీచరు వాళ్ళ నాన్న మాత్రం "పొట్టుతోనా, పొట్టు తీసిందా?" అని పలకరిస్తాడు. కొత్తవాళ్ళు కంగారుపడి చొక్కా గుండీలు తడుముకుంటారు. అలవాటైనవాళ్ళు "పొట్టుతోనే అండీ" అనేసి అడుగుల వేగం పెంచుతారు. ఆయన అడిగేది పొద్దున వాళ్ళు తిన్న రొట్టె సంగతి. గోధుమల్ని పొట్టుతో సహా మర పట్టించారా, లేక ఒలిచి తెల్లగా చేసేశారా అన్నదాన్ని బట్టే ఆయన మనుషుల మంచిచెడ్డలు తేలుస్తాడు.

ఇదే ప్రశ్న ఇంకొకరు అడిగితే పక్కవాళ్ళకు వినబడదు. కానీ ఆయన రైల్వే స్టేషన్లో ప్రకటనలు చదివే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. మైకు చెడిపోయిన రోజుల్లో కూడా ఒక్క ప్రయాణికుడికీ రైలు తప్పిపోలేదని వీడ్కోలు సభలో స్టేషన్ మాస్టరే చెప్పాడు. మైకు, తాళాలు అప్పగించినట్టే ఆ గొంతు కూడా అక్కడే అప్పగించి రావలసిన మనిషి ఇంటికి తెచ్చేసుకున్నాడని కూతురి బాధ.

రిటైరైన కొత్తలో ఆయన బాగానే ఉన్నాడు. మొక్కలకు నీళ్ళు పోసేవాడు, పేపరు చదివేవాడు, మధ్యాహ్నం ఓ కునుకు తీసేవాడు. ఒకరోజు కూతురు మర్చిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి బడికి వెళ్ళాడు. సాయంత్రం ఇంటికొచ్చేటప్పటికి చంకలో ఇటుకలాంటి నల్లరొట్టె ఒకటుంది. భోజనాల బల్ల మీద పెడితే గిన్నెలు గల్లుమన్నాయి.

"ఇకనుంచి మనింట్లో ఇదే," అన్నాడు.

"ఎందుకు నాన్నా?" అంది కూతురు.

"ఆరోగ్యం," అన్నాడు. ఆ మాట వీధి చివర కుట్టుమిషన్ మీద పనిచేసుకుంటున్న ఆవిడకు కూడా వినబడింది.

ఇంట్లో మొదట దెబ్బతిన్నది అల్లుడు. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. నెమ్మదస్తుడు. మెత్తటి తెల్లబన్ను లేకపోతే ఆయనకు రోజు మొదలవదు. మామగారికి ఎదురుచెప్పే ధైర్యం లేక, బాగుచేయడానికి వచ్చిన పెద్ద గోడగడియారం పొట్టలో బన్నులు దాచుకోవడం మొదలుపెట్టాడు. ఒకనాడు మామగారు ఆ గడియారం తలుపు తీశాడు.

"అల్లుడుగారూ."

"చెప్పండి మామయ్యగారూ."

"ఈ గడియారం ఎందుకు ఆగిపోయిందో తెలిసింది. తెల్లపిండి తింటోంది. అరగడం లేదు."

వారం తిరక్కుండా ఆ కథ ఊరంతా పాకి, గడియారం సొంతదారు వచ్చి తన గడియారం వెనక్కి పట్టుకుపోయాడు. వాళ్ళింట్లో దానికి చీమలు పట్టాయని తర్వాత తెలిసింది.

దగ్గు వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినా అదే వరస. "నోరు తెరవండి," అన్నాడు డాక్టరు. "ముందు మీరు తెరవండి," అన్నాడాయన. "పొట్టు మంచిదని మాకు చెప్పడానికేనా, మీరు కూడా తింటున్నారా అని చూడాలి." బయట బెంచీల మీద కూర్చున్న రోగులంతా ఒక్కసారి తలలెత్తారు. డాక్టరు మొహం ఎర్రబడింది. పొద్దున ఆయన తిన్నది వెన్న రాసిన తెల్ల టోస్టు. కూతురు చేతిసంచీలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుంది. ఆ సంచీలో అప్పటికి ఆమె వెతకని వస్తువంటూ లేదు. నాన్నతో బయటికి వెళ్ళిన ప్రతిసారీ వెతుకుతూనే ఉంది మరి.

బస్టాపుల్లో, క్షౌరశాలలో, పోస్టాఫీసు వరసలో ఆయన అందర్నీ వాకబు చేసేవాడు. చేసి చేసి ఒక సిద్ధాంతం తేల్చాడు. "పెద్దవాళ్ళు పొట్టు ధాన్యం గురించి మాట్లాడతారు, తెల్లది తింటారు. పిల్లలు మాట్లాడకుండా తెల్లది తింటారు. ఏటేటా పెరుగుతున్నది మాటలే, పొట్టు కాదు." ఇది కూడా ప్రకటనలాగే చెప్పేవాడు. వరసలో వెనకున్నవాళ్ళు రైలేదో ఆలస్యంగా వస్తోందేమో అనుకునేవాళ్ళు.

ఇవన్నీ కూతురు ఎలాగో భరించింది. భరించలేనిది ఒకటే. మధ్యాహ్నం భోజనం గంట కొట్టేసరికి ఆయన బడి దగ్గర తయారు. మనవలకు కథలు చెప్పే తాతయ్యల్ని బడిలోకి రానిచ్చే అలవాటు ఆ బడికి ఉంది. ఆయనకు మనవలు లేరు, కథలు రావు. అయినా గేటు దగ్గర ఆ గొంతుతో వాదించేవాళ్ళెవరు? భోజనాల గదిలో పొడుగు బల్ల మధ్యలో కూర్చుని, తన నల్లరొట్టె తీసి, కళ్ళు మూసుకుని కరకరా నమిలేవాడు. పిల్లలు విరగబడి నవ్వేవాళ్ళు. "పొట్టు తాతయ్య" అని పేరు పెట్టారు. ఆయన వినబడనట్టు ఇంకో ముక్క విరిచేవాడు. విరిచిన చప్పుడుకు పక్క తరగతిలో నిద్రపోతున్న డ్రాయింగు మాస్టరు ఉలిక్కిపడి లేచేవాడు.

"మీ నాన్నగారు భలే సరదా మనిషండీ," అనేవాళ్ళు తోటి టీచర్లు. ఆ "భలే"లో ఏముందో ఆమెకు తెలుసు. నవ్వు తెచ్చిపెట్టుకునేది.

అసలు ముంచుకొచ్చింది తల్లిదండ్రుల సమావేశం నాడు. ఆరోగ్యశాఖ నుంచి ఒక అధికారి వచ్చాడు. పిల్లలూ పెద్దలూ పొట్టు తీయని ధాన్యాలు ఏమాత్రం తింటున్నారన్నది ఆయన ఉపన్యాసం. తెర మీద రంగురంగుల గీతలు చూపించాడు. అన్ని గీతలూ పైకే పోతున్నాయి. "వాడకం ఏటేటా పెరుగుతోంది, ముఖ్యంగా మనలాంటి చదువుకున్న కుటుంబాల్లో," అన్నాడు. చప్పట్లు కొట్టారు. వెనక వరసలోంచి కుర్చీ జరిగిన చప్పుడు వినబడగానే టీచరు చేతిసంచీ కోసం తడుముకుంది.

"అయ్యా, చిన్న మనవి," అన్నాడు వాళ్ళ నాన్న. "ఈ పొద్దున పొట్టుతో తిన్నవాళ్ళు చెయ్యెత్తండి."

హాలంతా చేతులు లేచాయి. హెడ్‌మిస్ట్రెస్ చెయ్యి అందరికన్నా ఎత్తులో ఉంది.

"సంతోషం. ఇప్పుడు మీ పిల్లల్నడుగుతాను. మీ ఇంట్లో పొద్దున తిన్నది తెల్లదైతే పిల్లలు చెయ్యెత్తండి."

పిల్లలు అబద్ధం ఆడాలన్న సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు. కొందరైతే రెండు చేతులూ ఎత్తారు. ఒకడు లేచి నిలబడి, "మా నాన్న క్రీము బన్ను కూడా తిన్నాడు, అమ్మకు చెప్పొద్దన్నాడు," అన్నాడు. వాళ్ళమ్మ వాళ్ళ నాన్న పక్కనే ఉంది. హాలు ఘొల్లుమంది. అధికారి తెర మీద గీతల వంక అనుమానంగా చూసుకున్నాడు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. "పెద్దమ్మగారి సొరుగు కూడా ఓసారి తీస్తే..." అన్నాడాయన వేదిక వైపు చూస్తూ. పాపం, గుసగుసగానే అన్నాననుకున్నాడు. హెడ్‌మిస్ట్రెస్ సొరుగులో ఏ రకం కేకులుంటాయో బడిలో అందరికీ తెలుసు. తెలిసినట్టు అంతవరకూ ఎవరూ పైకి కనబడలేదు, అంతే. టీచరుకు తల తీసేసినట్టయింది. భూమి చీలితే బాగుండనుకుంది. చీలకపోవడంతో హాలు పక్క గుమ్మంలోంచి బయటికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె ఏడవలేదు, అరవలేదు. చెప్పులు విప్పకుండానే నిలబడి అంది.

"రేపట్నుంచి నువ్వు బడికి రావద్దు నాన్నా."

"అది కాదమ్మాయ్..."

"మా నాన్న అని చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది నాకు."

అల్లుడు చేతిలో ఉన్న పట్టకారు కింద పెట్టాడు. తండ్రి ఆమె వంక చూశాడు. "సరేనమ్మా," అన్నాడు. ఆ మాట పక్కగదిలోకి కూడా వినబడలేదు. ఆ గొంతులో అంత చిన్న మాట పుట్టగలదని ఆమెకు అంతవరకూ తెలియదు.

తర్వాతి రోజుల్లో వీధి వీధంతా ఇబ్బంది పడింది. ఆయన ఎదురుపడి "బాగున్నారా?" అని మెల్లగా అడుగుతున్నాడు. పాలవాడు భయపడిపోయి టీచరును పక్కకు పిలిచాడు. "పెద్దాయనకు ఒంట్లో ఎలా ఉందమ్మా? నన్ను బాగున్నావా అన్నాడు." కుట్టుమిషన్ ఆవిడ ఏకంగా సూపు చేసి పంపింది. అల్లుడు తెల్లబన్నును బాహాటంగా బల్ల మీద పెట్టుకున్నాడు. సగం తిని, ఇదివరకటి రుచి లేదని వదిలేశాడు.

బడిలో మాత్రం ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతత టీచరుకు హాయిగానే ఉంది, భోజనాల గదిలో ఒక ఖాళీ కనబడేదాకా. ఆమె తరగతిలో ఒక పిల్ల ఉంది. పిండిమరలో బస్తాలు మోసే అతని కూతురు. వంగి, రెండు చేతుల మధ్య రొట్టె దాచుకుని గబగబా కొరుక్కుతింటుందని పిల్లలు "ఉడుత" అనేవాళ్ళు. పేరు ముద్దుగా ఉందని టీచరు కూడా అలాగే పిలిచేది. హాజరు పిలిచేటప్పుడు కూడా. ఆ ఉడుత ఇప్పుడు బల్ల దగ్గర లేదు.

వెతగ్గా వెతగ్గా మెట్ల కింద, చీపుళ్ళు పెట్టే చోట కనబడింది. ఒళ్ళో డబ్బా. డబ్బాలో నల్లటి, ముతక రొట్టె. మర రాళ్ళ కింద మిగిలిన పొట్టు పిండితో వాళ్ళమ్మ చేసింది.

"ఇక్కడ కూర్చున్నావేం?"

"ఇక్కడే బాగుంటుంది టీచర్."

"అందరితో కూర్చోవచ్చుగా."

పిల్ల మూత సగం వేసింది. "నాది నల్లది కదా. గుర్రాల దాణా అంటారు. తాతయ్య రాకముందు కూడా ఇక్కడే తినేదాన్ని."

"ఏ తాతయ్య?"

"పొట్టు తాతయ్య. ఆయనుంటే అనరు. రోజూ ఆయన రొట్టె, నా రొట్టె పక్కపక్కన పెట్టి పోటీ పెట్టేవారు. ఎప్పుడూ నాదే ఫస్టు. ఆయన డబ్బు పెట్టి కొన్నా ఇంత బాగా రాలేదని గట్టిగా చెప్పేవారు. అప్పుడు అందరూ నన్ను ముక్క అడిగేవాళ్ళు. కొంతమంది వాళ్ళమ్మల్ని కూడా ఇలాంటిదే చెయ్యమన్నారు." ఆగి, బెదురుగా అడిగింది. "తాతయ్య మీద ఎవరన్నా కోప్పడ్డారా టీచర్?"

టీచరు "లే ఉడుతా," అనబోయి ఆ పేరు నోట్లోనే ఆపుకుంది. ఇన్నాళ్ళూ తను ముద్దనుకుని పిలిచినది ఆ పిల్ల దాక్కుని తినే తీరునని ఆమెకు అప్పుడు తట్టింది. తన తరగతి, తన గది, తన కళ్ళ ముందున్న పిల్ల. కళ్ళజోడు ఇవ్వడానికి ఒక్కసారి వచ్చిన మనిషికి కనబడింది. కళ్ళజోడు పెట్టుకున్న తనకు కనబడలేదు. సమావేశం నాడు ఆమె పడ్డ సిగ్గు దీని ముందు ఏపాటిది? ఆనాడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇవాళ ఆ చిన్నపిల్ల ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు.

బడి వదలగానే ఇంటికి వెళ్ళింది. నాన్న లేడు. "ఈ వేళప్పుడు అలా బజారు వైపు వెళ్తారు," అన్నాడు భర్త. నల్లరొట్టె అమ్మే బేకరీలోకి తొంగిచూసింది. మూల బల్ల దగ్గర గోడ వైపు తిరిగి, మఫ్లరు చుట్టుకుని ఒకాయన కూర్చున్నాడు. భుజాలు గుర్తుపట్టి దగ్గరికి వెళ్ళింది.

ఆయన ముందు ప్లేటులో తెల్లబన్ను ఉంది. మెత్తగా, మెరుస్తూ, మధ్యలో ఎర్రటి జామ్. సగం అయిపోయింది. మీసం మీద జామ్ ఉంది.

తండ్రీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ సిగ్గేసిందో చెప్పడం కష్టం.

"పొట్టుతోనా, పొట్టు తీసిందా?" అని అడిగింది కూతురు.

"తీసిందే," అన్నాడాయన, దొంగతనం ఒప్పుకున్నట్టు. "కూర్చో. కాస్త మెల్లగా మాట్లాడు, ఇక్కడ నాకో పరువుంది."

"ఎన్నాళ్ళ నుంచి ఇది?"

"మొదట్నుంచీ. నాకు పొట్టు పడదమ్మా. తిన్న రాత్రల్లా కడుపులో గూడ్సు బండి నడుస్తుంది. ఆ డాక్టరుకు చెప్పుకుందామంటే, అతగాడినే నోరు తెరవమన్నాను. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఆమెకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ ఆపుకుంది.

"ఆ పిల్ల నాకు చెప్పింది నాన్నా."

ఆయన బన్నును పక్కకు జరిపాడు. "నీ కళ్ళజోడు తెచ్చిననాడు మెట్ల కింద చూశాను. ఒక ముక్క అడిగి తిన్నాను. పన్ను కదిలింది. అయినా బాగుందన్నాను. బాగుందన్నవాళ్ళు అంతవరకూ లేరు కాబోలు, నా మొహంలోకి అలా చూసింది."

"నాతో చెప్పొచ్చుగా. నేను వాళ్ళ టీచర్ని."

"అందుకే చెప్పలేదు. చెబితే నువ్వు తరగతిలో పాఠం చెబుతావు. ఎవరి తిండినీ చూసి నవ్వకూడదు పిల్లలూ అంటావు. మంచి పాఠమే. కానీ అందరి తలలూ ఎటు తిరుగుతాయి?"

ఆమె సరిగ్గా అదే చెప్పి ఉండేది.

"నవ్వే పిల్లల్ని నవ్వొద్దంటే ఆపరమ్మా. ఎటో ఒకవైపు చూసి నవ్వాలి వాళ్ళు. ముసలాణ్ణి, గొంతు పెద్దది, నా వైపు తిప్పుకుంటే పోలా అనుకున్నాను. ఇంట్లో ఒకలాగా, బడిలో ఒకలాగా ఉంటే దొరికిపోతానని ఊరంతా అలాగే తిరిగాను." మళ్ళీ తనే, "ఆ సొరుగు మాట మాత్రం అనకుండా ఉండాల్సింది. అది నోరు జారింది," అన్నాడు.

"నేనన్న మాట..."

"ఏ మాట?" అన్నాడు వెంటనే. "స్టేషన్లో ఉన్నన్నాళ్ళూ నేను చెప్పడమే గాని, వినడం అలవాటు లేదు. జామ్ ఉందా మీసం మీద?"

ఉందంది. తన రుమాలుతో తుడిచింది. ఆ పనిలో ఆయన మొహం దగ్గరగా కనబడింది. తను ఆ మాటన్నప్పటి నుంచి ఆయన సరిగ్గా నిద్రపోలేదని ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే ఆమె హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్ళింది. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు గుమ్మంలోనే మర్చిపోయింది.

"మా నాన్నను మళ్ళీ రానివ్వాలండి. భోజనాల వేళకు."

"ఆయన్నా?" అంది హెడ్‌మిస్ట్రెస్. ఆమె చెయ్యి దానంతటదే సొరుగు మీదికి పోయింది.

టీచరు ఆ పిల్ల పేరు చెప్పలేదు. "ఆయన లేకపోతే మా తరగతిలో ఒకరికి భోజనం సయించడం లేదండి," అంది. ఆ ఒకరు టీచరే అనుకుంది హెడ్‌మిస్ట్రెస్. అది కూడా నిజమే కాబట్టి టీచరు సరిదిద్దలేదు. మనసులో ఆవిడ అంత కఠినురాలేం కాదు.

"రమ్మనండి. నా ఫర్నిచరు జోలికి మాత్రం రావద్దనండి."

ఆ మధ్యాహ్నం గంట కొట్టగానే ఆయన వచ్చాడు. గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. "పొట్టు తాతయ్య రెండో నంబరు గుమ్మం మీదుగా లోపలికి వచ్చుచున్నారు. ఆలస్యానికి చింతిస్తున్నారు." పిల్లలు బల్లలు చరిచారు. డ్రాయింగు మాస్టరు ఎక్కడో ఉలిక్కిపడ్డాడు. పిండిమర పిల్ల మెట్ల కిందనుంచి డబ్బాతో పరుగెత్తుకొచ్చి ఆయన పక్కన చోటు చేసుకుని కూర్చుంది. టీచరు ఆ పిల్లను అసలు పేరుతో పిలిచి, తనకూ కాస్త జరగమంది. తోటి టీచర్లు చూస్తున్నారు. "మా నాన్న," అంది వాళ్ళతో, ఎవరూ అడక్కపోయినా.

ఆయన తన రొట్టె తీయబోతే పిల్ల ఆపింది.

"ఇవాళ పోటీ లేదు తాతయ్యా. మీరు రాని రోజుల్లో మీ వంతు ముక్కలు దాచాను."

డబ్బా అడుగున కాగితంలో చుట్టిన ముక్కలు తీసింది. రోజుకొకటి చొప్పున ఎండి, ఎండి, ఒకదానికొకటి తగిలితే పలకల చప్పుడు చేస్తున్నాయి. ఆయన వాటిని చూశాడు. కడుపు మీద చెయ్యి వేసుకున్నాడు. తర్వాత కూతురి వంక చూశాడు. ఎంతో ఎత్తు మనిషి, ఆ చూపులో మాత్రం ఇంజక్షనుకు తెచ్చిన చంటిపిల్లాడిలా ఉన్నాడు.

కూతురు చెయ్యి చాపి ఆ కట్టలో సగం కన్నా ఎక్కువే తన ముందుకు లాక్కుంది.

"ఇవి నావి," అంది. "నాక్కూడా బాకీ ఉన్నాయి."

ఇద్దరూ నమలడం మొదలుపెట్టారు. రాయిని నమిలినట్టుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దవడలు పట్టేశాయి. పిల్ల ఒకసారి ఆయన మొహంలోకి, ఒకసారి ఈమె మొహంలోకి మార్చి మార్చి చూస్తోంది.

"ఎలా ఉన్నాయి టీచర్?"

టీచరు నోరు తెరవగలిగే స్థితిలో లేదు. ఊరందరికీ వినబడే ఆ గొంతుగలాయన కూడా ఆ స్థితిలో లేడు. తండ్రీకూతుళ్ళిద్దరూ బుగ్గలు ఉబ్బించుకుని, పిల్ల వైపు తిరిగి, బ్రహ్మాండంగా ఉన్నాయన్నట్టు ఒక్కసారే తలలూపారు.